రంగప్ప కట్టిన రైలు పాట

ఒకటో తేదీ నుంచి ఉద్యోగం ఉండకపోవచ్చన్న సంగతి చిన్నరంగప్పకు మేకలు తోలుతున్నప్పుడు తెలిసింది.

సోలార్ పార్కు కంచె కింద ఎవరో పుణ్యాత్ముడు కంత చేసి పెట్టాడు. అందులోంచి మేకలు దూరి ప్యానెళ్ల నీడన మేస్తున్నాయి. వాటిని తప్పు పట్టే పనేం లేదు. ఎండాకాలంలో పావగడ తాలూకా మొత్తం మీద నీడా గడ్డీ ఒక్కచోట దొరికేది అక్కడే. చిన్నరంగప్ప చేతిలో కర్ర ఉంది కానీ ఎత్తలేదు. మేకకు తగలాల్సింది గాజుకు తగిలితే అంతే సంగతులు. టోపీ చంకలో పెట్టుకుని, నడుము వంచి ప్యానెళ్ల కింద నడుస్తూ, నాలుకతో టిక్కుటిక్కుమనిపిస్తూ వాటిని కంత దాకా తోలాడు. ఆఖరి మేక సగం దూరి ఇరుక్కుపోయింది. దాన్ని వెనక నుంచి బయటికి నెట్టి, రాళ్లు తెచ్చి కంతకు అడ్డం వేసి లేచేసరికి, బాట మీద భరత్‌కుమార్ బైకు ఆగి ఉంది.

భరత్‌కుమార్ ఆ బ్లాకుకు సూపర్‌వైజరు. పావగడ వాడే, డిప్లొమా చదివాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం బైకు దిగడు.

"రంగప్పన్నా, ఒకటో తేదీ నుంచి సెక్యూరిటీ కంట్రాక్టు కొత్తోళ్లకు పోతాండాది" అన్నాడు, బైకు మీదే కూర్చుని.

"మా గతేంది సార్?"

"సగం మందిని పెట్టుకుంటారంట. కంచె పొడుగునా కెమెరాలు పెడతాండారు. కెమెరాకు టీ, బీడీ, నిద్ర ఏమీ అక్కర్లే కదప్పా."

"మేకల్ని కూడా అదే తోలుతాదా సార్?"

భరత్‌కుమార్ నవ్వాడు. నవ్విన తర్వాత బైకు దిగాడు కూడా. అంటే ఇంకో మాట ఏదో ఉందన్నమాట.

"ఆదివారం కార్యక్రమం ఉండాది. బెంగళూరు నుంచి పెద్దోళ్లు వస్తాండారు, ఆ కొత్త కంట్రాక్టరూ వస్తాడు. నీ చెక్కభజన పెట్టించినా. నీ రైలు పాట ఉండ్లా, అది పాడు. వలస పోయినోళ్లు సోలార్ వచ్చినంక తిరిగొచ్చి ఊర్లో నిలబడినారని పెద్దోళ్లకు చూపించల్ల. పాట బాగా పండితే ఆయప్ప చెవిలో నీ పేరు నేనేస్తా. గ్యారంటీ అనుకో."

ఆ పాట ఎట్లా పుట్టిందో రెండు ముక్కలు చెప్పమన్నాడు. వేదిక మీద మాట్లాడే అమ్మాయికి ముందే రాసివ్వాలట. చిన్నరంగప్పకు ఈ కథ చెప్పడమంటే మహా సరదా. చెప్పి చెప్పి అరిగిపోయినా సరే. కంచె గొట్టం మీద వేళ్లతో దరువు వేసి చూపించాడు.

"బెంగళూరు యిడిసిపెట్టి వచ్చేటప్పుడు సార్. యశవంతపురంలో ఎక్కినాము. రైలు కింద చక్రాలు ఇట్ల కొడతాంటే, ఇది మన చెక్కల దరువే కదా అనిపించినాది. గౌరిబిదనూరు దాటినంక పెన్నేటి వంతెన. ఏట్లో నీళ్లుంటే కదా, ఉత్త ఇసక. అయినా నా పెండ్లాము కిటికీలోంచి నాణెమేసి మొక్కింది. అది చూసేసరికి పాట ఊరుతా వచ్చేసినాది. హిందూపురంలో దిగేలోపల కట్టేసినా."

"నాణెం ఎంతది? రూపాయా, రెండ్రూపాయలా?"

"ఏమో సార్, చూడలే."

"అడిగి చెప్పు. ఇట్లాంటివి ఒకటి రెండు ఉంటేనే జనం నమ్ముతారు."

బైకు వెళ్లిపోయింది. చిన్నరంగప్పకు భయం వెంటనే రాలేదు. మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుని, టోపీ పెట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా కంచె వెంబడి తిరిగాడు.

సాయంత్రం పాల డెయిరీ ముందున్న సిమెంటు కట్ట మీద భజన జట్టు చేరింది. డోలకు హనుమేశ్‌ది. మిగిలినవాళ్లందరి చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. తిమ్మన్న కూడా సోలార్ పార్కులో వాచ్‌మనే, పక్క బ్లాకు. కబురు అతని దాకా వచ్చింది. గజ్జెలు కట్టుకుంటూ అడిగాడు:

"గురువా, నీ పేరు చెప్తాడంట కదా భరత్‌కుమార్. నాది కూడా చెవినేస్తావా? నాకు సేన్లేదు, సెలక లేదు. అప్పుడు భూమి ఉన్నోళ్లు సోలార్‌కు బాడిగకిచ్చుకుండ్రి. నేనేమిచ్చేది, నా తలకాయనా?"

"చూద్దాం లేప్పా" అన్నాడు చిన్నరంగప్ప. చూద్దామంటే కుదరదనే అర్థం, ఏ ఊళ్లోనైనా.

హనుమేశ్ డోలకు మీద నెమ్మదిగా మొదలుపెట్టాడు, స్టేషన్ విడుస్తున్న రైలు లాగా. చిన్నరంగప్ప ముందు పాడాడు, మిగతావాళ్లు అందుకున్నారు.

పోవే పోవే పొగలేని బండీ, పోయిరావే నీ దారి
నిలిసిపోయె మా కాలు ఈడనే, నిలిసిపోయె ఈసారి

ముల్లెమూటలు నెత్తినబెట్టి ముందుకేమో పోయినాము
మొగులు జూసి మొగులు జూసి మెడలు నొచ్చి పోయినాము

సూరీడే మా సేన్లోకి కూలికొచ్చె సూడరమ్మా
నీడనిచ్చే చెట్టు లేకున్నా కూడుబెట్టె సూడరమ్మా

ఇక్కడ దరువు మారుతుంది. డోలకు ఆగిపోతుంది, ఒట్టి చెక్కలే పలుకుతాయి. రైలు వంతెన మీదికి వచ్చిందన్నమాట. అందరూ ఒక కాలు వెనక్కి వేసి, కుడిచేయి ఎత్తి, నాణెం విసిరినట్టు విసురుతారు.

కిటికీ పక్కన కూసున్నాది నా ఇంటి దీపమమ్మా
నీళ్లు లేని పెన్నేటికి నాణెమేసి మొక్కెనమ్మా

ఈ చరణం దగ్గర డెయిరీకి పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా క్యాన్లు కింద పెట్టి చేయి విసిరారు. ఎప్పుడూ విసురుతారు. ఆ ఊళ్లో కొత్త కోడలు వచ్చినా, కొత్తింట్లో పాలు పొంగినా ఈ పాట పాడాల్సిందే. చిన్నరంగప్ప పాట అనడం కూడా మానేశారు. మన రైలు పాట అంటారు. అతనికి అది కొంచెం నొప్పి, కొంచెం గర్వం.

ఇంటికి వెళ్లేసరికి పక్కింటి సుమ గడప మీద కూర్చుని సుధామణితో మాట్లాడుతోంది. సుమ హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది, రోజూ పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకుపోతుంది. మెడలో ఫ్యాక్టరీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. అతన్ని చూడగానే ఇద్దరూ మాట ఆపారు. "వస్తానక్కా" అని సుమ లేచి వెళ్లిపోయింది. ఆడవాళ్ల మాటలు మనకెందుకని అతను కాళ్లు కడుక్కుని అన్నం తట్ట ముందు కూర్చున్నాడు. కూతురు ఆశ తుమకూరు హాస్టలుకు వెళ్లినప్పటినుంచి ఇంట్లో వాళ్లిద్దరే.

కొత్త కంట్రాక్టరు సంగతీ, ఆదివారం సంగతీ చెప్పాడు. సుధామణి ఊఁ కొడుతూ కుండలో రాగిముద్ద కెలికింది.

"నువ్వు గూడా రావల్లంట. పాటలో ఉండే ఆమెను చూస్తారంట పెద్దోళ్లు. ఆఁ, మర్చిపోయినా. ఆపొద్దు పెన్నేట్లోకి యేసినావు కదా, అది రూపాయా, రెండ్రూపాయలా?"

సుధామణి తడిచేత్తో ముద్దను గుండ్రంగా తిప్పి అతని తట్టలో పెట్టింది. పక్కన నంజుకోవడానికి ఊరిబిండి వేసింది.

"రూపాయి కాదు" అంది.

"రెండ్రూపాయలా?"

"అదీ కాదు. బాబిన్ కేసు."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి, "అదేంది?" అన్నాడు.

"కుట్టు మిషన్లో కింద దారం ఉంటాది కదా, ఆ దారంచుట్టను కూర్చోబెట్టే ఉక్కు డబ్బీ. ఇంతుంటాది." బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చూపించింది. "బెంగళూరు ఫ్యాక్టరీలో వాళ్లిచ్చేది ఒకపూట బిగిస్తాది, ఒకపూట వదులైతాది. నేను చిక్కపేటలో నా దుడ్డుతో కొనుక్కుంటి. దాని స్క్రూ నా చేతికి తగినట్టు తిప్పి పెట్టుకుంటి. పక్క మిషనామెకు గూడా ఇస్తాండ్లే. సాయంత్రం కొంగుకు కట్టుకుని రూముకు తెచ్చుకుంటాంటి. నువ్వు చూడలేదా?"

అతను చూడలేదు.

"అంత మంచిదాన్ని ఏట్లోకి ఎందుకు యేసినావు?"

"ఇంటికి తెచ్చుకుంటే రోజూ చూసుకోవల్ల."

ముద్ద మీద నుంచి ఆవిరి లేస్తోంది. అతను ముద్ద తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"చేయెత్తి మొక్కితివి కదా. నా కండ్లతో చూసినా."

"చేయెత్తింది ఇసిరేదానికి."

"ఏడుస్తాంటివా అప్పుడు?"

"లేదు. ఏడుపొస్తే బాగుండు. ఏమీ రాలే." సుధామణి తనకు కూడా ముద్ద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టే చెబుతోంది. "ఆ వారమే నన్ను శాంపిల్ సెక్షన్లోకి తీసుకుంటామన్నారు. శాంపిల్ టైలరంటే ఏమనుకున్నావు? కొత్త షర్టు ఏదొచ్చినా మొదుటిది ఆమే కుట్టల్ల. అది చూసి మిగిలినోళ్లు కుడతారు. నీకు సాయంత్రం చెప్దామని వస్తాంటే, గేటు కాడ నువ్వు నిలబడుంటివి. ఊర్లో సోలార్లో పని దొరికింది, రూము ఖాళీ చేసేసినా, పొద్దున్నే రైలు అంటివి. నన్నడిగితివా?"

గేటు దగ్గర నిలబడింది అతనికి బాగానే గుర్తుంది. మూర మల్లెపూలు, మైసూర్‌పాకు పొట్లం తీసుకుని వెళ్లాడు. ఆమె మైసూర్‌పాకు అక్కడే తోటివాళ్లకు పంచేసింది. సంతోషంతో పంచుతోందనుకున్నాడు. ఊరొదిలి పోయేవాళ్లు కూడా పంచుతారన్న సంగతి ఇప్పుడు తట్టింది.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పకపోతివి?"

"దిగేలోపలే నువ్వు పాట కట్టేసినావు కదప్పా. వారం తిరిగేసరికి ఊరంతా నాణెమేసి మొక్కెనమ్మా అని చేతులిసురుతాండిరి. పెండ్లిండ్లలో నన్ను ముందర కూర్చోబెట్టి పాడతాండిరి. ఇంగ నేనేం చెప్పేది? పాట తప్పు అని చెప్పనా?"

ఇద్దరూ కాసేపు తిన్నారు. ముద్ద నమలకుండా మింగాలి. అతను నములుతూ కూర్చున్నాడు.

"ఇంగొకటి చెప్పల్ల నీకు" అంది సుధామణి.

బయట నుంచి తిమ్మన్న కేక వేశాడు, "గురువా, గజ్జెలు మర్చిపోయినావు కట్ట మీద!" అని. చిన్నరంగప్ప ఆ పిలుపు కోసమే కాచుకున్నవాడిలా లేచి, చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. గజ్జెలు తీసుకుని వెంటనే రావచ్చు. రాలేదు. తిమ్మన్నతో ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ ఉండిపోయాడు.

మర్నాడు డ్యూటీలో ఉన్నాడన్న మాటే గానీ మనిషి అక్కడ లేడు. ప్యానెళ్లు కడిగే ట్రాక్టరు వరస వెంట వరస పోతోంది. నీళ్లు గాజు మీద నుంచి జారి కింద గడ్డిలో పడుతున్నాయి. దానివల్లే గడ్డి, గడ్డివల్లే మేకలు, మేకలవల్లే తనకు పని. చిన్నరంగప్ప గేటు గది నీడలో కూర్చుని, కుర్చీ చేతి మీద వేళ్లతో దరువు వేస్తూ ఆ చరణాన్ని సరిచేయాలని చూశాడు. నాణెం తీసేసి బాబిన్ పెట్టాడు. నీళ్లు లేని పెన్నేటికి బాబినేసి... బాబినేసి ఏం చేసె? మొక్కలేదు కదా. ఏడ్వనూ లేదు. ఏమీ చేయనిదానికి మాట ఏముంటుంది? దరువు అక్కడికి వచ్చి కుంటింది. మళ్లీ మొదటినుంచి వేశాడు, మళ్లీ అక్కడే కుంటింది. నల్లటి మేఘం కనబడితే చాలు పాట కట్టేవాడు, ఒక్క చరణానికి మధ్యాహ్నం దాకా కొట్టుకున్నాడు.

రైలును మళ్లీ కళ్లముందుకు తెచ్చుకోవాలని చూశాడు. కిటికీ పక్క ఆమె, కొంగు నెత్తిన, ఎదురు సీట్లో తాను. ఆమె ముఖం ఎట్లా ఉంది? గాలికి కొంగు ఎగరడం గుర్తుంది, వెండిలాగా ఏదో మెరవడం గుర్తుంది, తన మోకాలి మీద తన వేళ్లు ఆడడం గుర్తుంది. ఆమె ముఖం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. పాటలో ఇంటి దీపమని రాశాడు గానీ ఆ దీపం వైపు చూసినట్టే లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు అతనికి ఏడుపు రావాలి. రాలేదు.

ఫోను మోగింది. భరత్‌కుమార్.

"రంగప్పన్నా, నాణెం సంగతి ఏమైంది?"

"రూపాయి సార్" అన్నాడు.

తర్వాత రోజులు అట్లాగే గడిచాయి. ఇంట్లో ఇద్దరూ నీళ్లు, ఉప్పు, కరెంటు బిల్లు గురించే మాట్లాడుకున్నారు. ఒకసారి ఆమె "నేను చెప్పల్లంటే..." అని మొదలుపెడితే, ఆదివారం కానీ అన్నాడు. వినాలంటే భయం వేసింది. ఇంకేం మిగిలిందో, అది కూడా విరిగిపోతే ఎట్లా?

అతను ఆలోచించింది మాత్రం ఒకటుంది. ఉద్యోగం నిలబడితే ఆమె ఇక్కడే ఉండిపోవాలి. పోతే, బెంగళూరు దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఆమెను తెచ్చింది ఈ ఉద్యోగమే కదా. ఆ లెక్క ఒకసారి తలకెక్కాక దిగలేదు.

ఆదివారం కంట్రోల్ రూము ముందు షామియానా వేశారు. పెద్దవాళ్ల కార్లు వరసగా వచ్చి ఆగాయి. ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక నిలబడే జనం. సుధామణిని రెండో వరసలో కూర్చోబెట్టారు. ఆమె మంచి చీరే కట్టుకుంది. ఒళ్లో చేతులు పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంది.

వేదిక మీద మాట్లాడే అమ్మాయి పేరు శిల్పశ్రీ. కన్నడంలో సగం, తెలుగులో సగం, గలగలా మాట్లాడుతుంది. రైలు కథను చిన్నరంగప్ప కంటే బాగా చెప్పింది. ఎండిన పెన్నేరు, కిటికీ, ఒక్క రూపాయి బిళ్ల. "బదుకంతా అలసిపోయిన ఆ తల్లి, ఊరు తిరిగి వస్తూ వేసిన మొక్కు అది" అంది. ముందు వరస చప్పట్లు కొట్టింది.

డోలకు కదిలింది. మొదటి రెండు చరణాలూ బాగా పండాయి. సూరీడు కూలికొచ్చాడన్నచోట పెద్దవాళ్లలో ఒకరు పక్కవారిని అర్థం అడిగి, విని, తెగ నవ్వి చప్పట్లు కొట్టారు. డోలకు ఆగింది. చెక్కలు మిగిలాయి. ఒక కాలు వెనక్కి పడింది.

చిన్నరంగప్ప నోరు తెరిచాడు, మాట రాలేదు. గొంతు పట్టేయలేదు, కన్నీళ్లూ రాలేదు. ఊరికే రాలేదు. చెక్కలు ఒక చుట్టు ఖాళీగా తిరిగాయి. రెండో చుట్టులో తిమ్మన్న ఎత్తుకున్నాడు, కిటికీ పక్కన కూసున్నాది అని. జట్టంతా అందుకుంది. నిలబడిన జనం అందుకుంది. కుర్చీల్లో ఆడవాళ్లు అందుకున్నారు. నాణెమేసి మొక్కెనమ్మా అని అన్ని చేతులూ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. చిన్నరంగప్ప కాళ్లు మాత్రం అడుగు తప్పలేదు. పాట అతను లేకపోయినా బ్రహ్మాండంగా నడిచిపోతోంది. ఆ చేతుల మధ్య సుధామణి ఒక్కతే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత ఆమెను వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు, పండ్లబుట్ట ఇచ్చారు. శిల్పశ్రీ మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"అక్కా, ఆ రూపాయి వేసేటప్పుడు ఏమని మొక్కుకున్నావు?"

సుధామణి మైకును చూసింది, చిన్నరంగప్పను చూసింది. అతను చెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాడు. చెప్పేస్తే బాగుండుననీ అనుకున్నాడు.

"ఇల్లు నిలబడల్లని మొక్కుకుంటి" అంది సుధామణి. "నిలబడింది. బాగుండాము."

షామియానా దద్దరిల్లింది. కొత్త కంట్రాక్టరు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

భోజనాల దగ్గర భరత్‌కుమార్ చిన్నరంగప్ప భుజం చరిచాడు. "గెలిచేసినావు పోప్పా. ఆయప్పే అడిగినాడు, ఆ పాటాయన మనోడేనా అని. నీ పేరు ఖాయం."

"నా పేరొద్దు సార్. తిమ్మన్న పేరు రాయండి."

"ఏందీ?"

"ఆ చరణం పాడింది ఆయప్పే. నేను పాడలే."

"పాటకూ ఉద్యోగానికీ ఏం సంబంధమప్పా!" అన్నాడు భరత్‌కుమార్. ఆ సంబంధం పెట్టింది తనే అన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు. రెండుసార్లు అడిగి చూశాడు. "నీ ఇష్టం. మళ్ళా వచ్చి అడిగితే నాతో కాదు" అని, విసుక్కుంటూ కంట్రాక్టరు వైపు వెళ్లాడు. కాసేపటికే కబురు తిమ్మన్నకు తెలిసింది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి, అందరూ చూస్తుండగా చిన్నరంగప్ప కాళ్లకు మొక్కాడు. కళ్లనిండా నీళ్లు.

ఊరి దారిలో సుధామణి ముందు నడుస్తోంది, చంకలో పండ్లబుట్ట. చిన్నరంగప్ప అడుగు కలిపాడు. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికగా ఉంది. ఒక బాకీ తీర్చినవాడిలా చెప్పాడు:

"ఉద్యోగం వద్దని చెప్పేసినా. తిమ్మన్నకిమ్మన్నా."

సుధామణి ఆగింది.

"ఎవురు చెప్పమన్నారు?"

"నీ కోసమే. బెంగళూరికి పోదాం. ఆ ఫ్యాక్టరీలోనే అడుగుదాం. శాంపిల్..."

"బెంగళూరికా! ఎవురు పోతామన్నారు బెంగళూరికి?" ఆమె గొంతు పెరిగింది. అన్నేళ్లలో ఆమె దారిలో అరవడం అతను వినలేదు. "పోయిన సోమవారం సుమతో పాటు వ్యాన్లో వాళ్ల ఫ్యాక్టరీకి పోయొచ్చినా. నువ్వు డ్యూటీలో ఉంటివి. కాలరు కుట్టి చూపించమన్నారు. కుట్టినా. చేతులు ఏమీ మర్చిపోలే. ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు. అది చెప్దామనే కదా నీ వెనకాల పడి తిరుగుతాండేది? నీది ఈడ, నాది ఆడ, రెండూ ఉంటే ఆశను ఇంగా పైకి చదివించొచ్చు అనుకుంటి. నీ పని నిలబడల్లనే అంతమంది ముందర ఆ అబద్ధం చెప్పినా. నువ్వు పోయి పారేసి వస్తివి."

చిన్నరంగప్ప వెనక్కి తిరిగి షామియానా వైపు చూశాడు.

"ఆపొద్దు నన్నడక్కుండా తెస్తివి. ఈపొద్దు నన్నడక్కుండా తీసకపోతానంటావు" అంది సుధామణి. "నాకోసం నాకోసమంటావే, ఒక్కసారన్నా నన్నడిగితే నీ సొమ్మేం పోతాదప్పా?"

బుట్ట ఇంకో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

అతను వెనక్కి తిరిగాడు. షామియానా దాకా వెళ్లాడు కూడా. కట్లు విప్పుతున్నారు. భరత్‌కుమార్ బైకు అక్కడే ఉంది. దాని పక్కన తిమ్మన్న, ఫోనులో పెండ్లానికి సంగతి చెబుతూ, మధ్యలో నవ్వుతూ, మధ్యలో ముక్కు చీదుకుంటూ ఉన్నాడు. చిన్నరంగప్ప కాసేపు కుర్చీల గుట్ట పక్కన నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అడగకుండా ఇంటిదారి పట్టాడు.

సుధామణి దండెం మీద నుంచి పాత జాకెట్టు తీసి, చేతులు వదులుగా ఉన్నచోట సూదితో కుట్టుకుంటోంది, పనికి వేసుకుపోవడానికి. అతను గడప మీద కూర్చున్నాడు. ఆమె తలెత్తలేదు. కాళ్ల గజ్జెలు విప్పడం కూడా మర్చిపోయాడు. కదిలినప్పుడల్లా అవి చప్పుడవుతున్నాయి. అందుకని కదలకుండా కూర్చున్నాడు. ఆమె ఒక చేయి కుట్టడం అయింది, రెండో చేయి తిరగేసింది. ఇన్ని పాటలు కట్టినవాడు ఒక్క మాట కోసం తల వంచుకుని, గడప మీది చీమలను చూస్తూ కూర్చున్నాడు.

"సుధా" అన్నాడు చివరికి.

"ఊఁ."

"నేనేం చేయల్ల ఇప్పుడు?"

సూది ఆగింది. సుధామణి అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని చూసింది, కాదని తేలేదాకా చూసింది.

"నాకేం తెలుసు?" అంది. "నన్నెవురూ ఇట్ల అడగలే ఇంతవరకూ. ఉండు, ఆలోచించుకోనీ."

దారం కొరికి, జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, ఆమె వాకిలి బయటికి చూస్తూ ఆలోచించసాగింది. అతను తొందరపెట్టలేదు.